తుపాను కొట్టిన పాత చర్చి: సిమెంటు బస్తా విప్పకముందు

కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో వందేళ్లు దాటిన చర్చిలు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. అడుగున్నర నుంచి రెండడుగుల మందం ఇటుక గోడలు, సున్నంతో కట్టినవి. పైన టేకు ట్రస్సులు (కప్పును మోసే చెక్క చట్రాలు), బంగళా పెంకులు. ముఖద్వారం వైపు ముక్కోణపు గోడ, దాని నెత్తిన చిన్న గూడు, అందులో గంట. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు వచ్చి నర్సాపురం వైపు, 1842లో హయ్యర్ వచ్చి గుంటూరులో పని మొదలుపెట్టాక, వాళ్ల వెనకొచ్చిన తరాలవాళ్లు కట్టించినవి ఇలాంటివి. కట్టించింది మిషనరీలైనా కట్టింది మన మేస్త్రీలే. ధవళేశ్వరం ఆనకట్ట 1847–1852 మధ్య లేచిన ప్రాంతం ఇది. సున్నం, సుర్కీ (దంచిన ఇటుక పొడి) సంగతులు ఇక్కడి తాపీవాళ్లకు కొట్టినపిండి.

ఈ తీరం 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసింది, 1996 నవంబరు 6న కోనసీమ తుపాను చూసింది. పెద్ద గాలి వచ్చినప్పుడు ఇలాంటి కట్టడం దెబ్బతినే వరస ఇంచుమించు ఒకటే. ముందు చూరు దగ్గర పెంకులు లేస్తాయి. వెనకే వాసాలు, రీపర్లు (పెంకులు ఆనే సన్న బద్దలు) పోతాయి. ఆనుకోవడానికి కప్పు లేక ముక్కోణపు గోడ కూలుతుంది. ఆ తర్వాత రోజుల తరబడి వాన నేరుగా గోడ నెత్తిన పడుతుంది. గోడలు మాత్రం చాలాసార్లు నిలబడే ఉంటాయి. అప్పుడు సంఘం పెద్దలు కూర్చుని చందాలు వేసుకుని, "ఈసారి గట్టిగా కట్టేద్దాం" అని సిమెంటుకు ఆర్డరిస్తారు. నిలబడ్డ గోడలకు అసలు ముప్పు అక్కడ మొదలవుతుంది. ఆ మీటింగుకు ముందు చదవమని రాస్తున్నది ఇది.

ఇంకో సంగతి. మన ఊరి చర్చిల్లో చాలావాటికి పురావస్తు శాఖ రక్షణ ఉండదు. అంటే ఆపేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు. కానీ ఆస్తి ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే సాధారణంగా ట్రస్ట్ అసోసియేషన్ పేరున, కేథలిక్ అయితే డయోసిస్ (బిషప్ ఏలుబడి) పరిధిలో ఉంటుంది. కూల్చివేత తీర్మానం రాసేముందు వాళ్ల నుంచి కాగితం తెచ్చుకోవడం మంచిది.

మొదటి పదిహేను రోజులు

ముందు జనాన్ని లోపలికి వెళ్లనివ్వకండి. వేలాడుతున్న ట్రస్సు, సగం కూలిన ముక్కోణపు గోడ గాలి తగ్గాక కూడా పడతాయి, ముఖ్యంగా రెండో రోజు ఎండ కాసినప్పుడు. తడిసి బరువెక్కిన గోడలో సున్నం మెత్తబడి ఉంటుంది.

శిథిలాలను ట్రాక్టరుకెత్తి చెరువు గట్టున పోయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ఇటలీలో ఫ్రియులి ప్రాంతంలో 1976 మే, సెప్టెంబరు భూకంపాలకు వెంజోనె అనే చిన్న ఊరి పెద్ద చర్చి కూలిపోతే, రాళ్లన్నిటినీ మైదానంలో పరిచి, ఏది ఎక్కడిదో గుర్తుపట్టి, 1988 నుంచి 1995 దాకా మళ్లీ పేర్చి నిలబెట్టారు. మనది రాతి కట్టడం కాదు కాబట్టి అంత పని లేదు. అయినా పడ్డచోటే ఫోటోలు తీసి నాలుగు కుప్పలు చెయ్యండి: ఇటుకలు, పెంకులు, కలప, సున్నపు పెచ్చులు. కమాను ఇటుకలు వాలుగా చెక్కినవి ఉంటాయి, వాటిని విడిగా పెట్టండి. శంకుస్థాపన పలక, సమాధి ఫలకాలు, రంగుటద్దాల ముక్కలు వెస్ట్రీ గదిలో (చర్చి సామాను దాచే గది) పెట్టి తాళం వెయ్యండి. కలపకు సుద్దతో నంబర్లు వేస్తే వానకు పోతాయి. అల్యూమినియం బిళ్ల మీద మేకుతో గీసి తీగతో కట్టాలి. పాత ట్రస్సుల అతుకుల దగ్గర ఉలితో చెక్కిన గీతలు కనిపిస్తే అవి వడ్రంగి పెట్టుకున్న గుర్తులు. వాటిని చిత్రిక పట్టించెయ్యకండి.

గోడల నెత్తిన నీళ్లు పడకుండా ఆపడం అన్నిటికంటే ముందు పని. సరుగుడు బాదులతో గోడలకు ఆనకుండా విడిగా పందిరి వేసి, 250 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) టార్పాలిన్ కట్టండి. టార్పాలిన్ ఎగరకుండా అంచులకు కట్టే ఇసుక మూటలు నేల మీద ఉండాలి, గోడ మీద కాదు. రెండు చివర్లూ తెరిచి ఉంచాలి. మూసేస్తే లోపల ఆవిరి పట్టి, మిగిలిన టేకుకు బూజొస్తుంది.

వాలిన గోడకు ఊతలు పెట్టేటప్పుడు బాదును నేలతో 60–70 డిగ్రీల వాలులో ఆనించాలి. కింద కనీసం రెండంగుళాల మందం పలక, పైన గోడకు నిలువు పలక. బిగింపుకు వాలుగా కోసిన రెండు చెక్క ముక్కల్ని ఎదురెదురుగా దూర్చి మెల్లగా తట్టాలి. వాలిన గోడను సుత్తి దెబ్బలతో "సరిచెయ్య"కూడదు, అది లోపలి పొరను విరిచేస్తుంది. కిటికీ కమానుల కింద చెక్క సెంటరింగ్ పెట్టి, కిటికీ ఖాళీల్లో అడ్డంగా బాదులు బిగించాలి.

తూకం గుండు వేసి ప్రతి రెండు మీటర్లకు ఒకచోట వాలు కొలవండి. 450 మి.మీ. మందం గోడ పైన 150 మి.మీ. వాలిందంటే దాని సొంత బరువే మందంలో మధ్య మూడో వంతు దాటిపోయే అంచున ఉంది. దాని మీద కప్పు బరువు పడితే ప్రమాదం ఇంకా ముందే వస్తుంది. 75 మి.మీ. దాటితే మేస్త్రి అంచనాతో ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. బీటల మీద సన్నటి గాజు పలకను రెండువైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, తేదీ రాయండి. పగిలితే బీట ఇంకా కదులుతోందన్నమాట. నల్లరేగడి మీద కట్టిన చర్చిలో బీటలు వేసవిలో తెరుచుకుని, వానల్లో మూసుకుంటాయి. అందుకే అక్కడ మూడు నెలలు చూసి తీర్పు చెప్పడం తప్పు. ఒక ఏడాది తిరగాలి.

స్లాబు వెయ్యాలనేవాళ్లకు

"పెంకులు కాబట్టి ఎగిరిపోయాయి, స్లాబైతే ఎగరదు" అన్న మాట ప్రతి సంఘంలోనూ వస్తుంది. మొదటి సగం నిజమే. లెక్క చూద్దాం. 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు చర్చి అనుకుంటే, నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు. అంటే మొత్తం 29 టన్నులు, బీములు కాకుండా. ఇరవై అయిదడుగుల వెడల్పుకు లోతైన బీములు తప్పవు. పెంకుల కప్పు రీపర్లతో కలిపి చదరపు మీటరుకు ఇంచుమించు 65 కిలోలు, మొత్తం పది టన్నుల లోపు. సున్నపు గోడ, దాని పునాది ఆ పది టన్నులకు కట్టినవి. మూడింతలు మోపితే గోడ ఎక్కడ బలహీనమో అక్కడ పొట్ట ఉబుకుతుంది.

రెండోది ఎండ. పగలు, రాత్రి తేడా 25 డిగ్రీలుంటే 15 మీటర్ల స్లాబు 4 మి.మీ. దాకా సాగి ముడుచుకుంటుంది. సున్నపు గోడ దానితో పాటు సాగదు. స్లాబు కింద రెండో వరస ఇటుకల్లో గోడ పొడవునా అడ్డబీట పడటం దీనివల్లే. ఆ బీటకు మళ్లీ సిమెంటు పూస్తారు, అది మళ్లీ పగులుతుంది.

ఇది మన దగ్గరి భయం మాత్రమే కాదు. ఇటలీలో పాత రాతి కట్టడాలకు చెక్క కప్పులు తీసేసి కాంక్రీటు కప్పులు, కాంక్రీటు రింగు బీములు వేసిన చోట్ల, 1997 ఉంబ్రియా–మార్కె భూకంపంలో ఆ బరువే గోడల్ని కూల్చింది. తర్వాత అక్కడ ఇంజినీర్లు ఆ పద్ధతి మీద ఆలోచన మార్చుకున్నారు. భూకంపం, తుపాను వేరువేరే. కానీ మెత్తటి గోడ మీద గట్టి టోపీ పెడితే జరిగేది ఒకటే.

సిమెంటు పూతదీ ఇదే కథ. పాత చేతి ఇటుక మెత్తన. దానికంటే గట్టి మోర్టారు (ఇటుకల మధ్య పెట్టే ముద్ద) పెడితే కదలిక వచ్చినప్పుడు సందు కాకుండా ఇటుక పగులుతుంది. సున్నపు సందు పగిలితే తవ్వి మళ్లీ నింపవచ్చు, పగిలిన ఇటుకను తీసి మార్చాల్సిందే. పైగా సిమెంటు పూత లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ పైకి పాకి, పూత అయిపోయిన చోట బయటపడుతుంది. మూడడుగుల ఎత్తు సిమెంటు పూసిన గోడకు నాలుగో అడుగులో ఉప్పు పూసేది అందుకే.

ఉప్పు

ఉప్పెన నీళ్లు చేరిన చర్చిలో అసలు పని ఇదే. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పూతకు దిగుతారు.

సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. చదరపు మీటరు గోడ వంద లీటర్లు తాగితే మూడున్నర కిలోల ఉప్పు లోపల దిగినట్టు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. గాలిలో తేమ 75 శాతానికి పైనున్నప్పుడు ఈ ఉప్పు కరిగి గోడలో తిరుగుతుంది, కిందికి దిగితే గడ్డకట్టి ఇటుక రంధ్రాల్ని లోపలి నుంచి నెడుతుంది. మన తీరంలో తేమ తెల్లవారుజామున పైన, మధ్యాహ్నం కింద. అంటే చాలా రోజుల్లో ఈ నొక్కుడు రోజుకోసారి జరుగుతుంది. ఇటుక పొడిపొడిగా రాలడానికి కారణం అదే.

ముందు సిమెంటు పూత, ప్లాస్టిక్ పెయింటు ఏవైనా ఉంటే పూర్తిగా ఊడగొట్టండి. వెడల్పు ఉలి, చిన్న సుత్తి చాలు. బ్రేకర్ మిషను పెడితే ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. తర్వాత గోడను ఆరనివ్వాలి. ఒక ముఖం నుంచి నెలకు అంగుళం ఆరుతుందన్నది పాత లెక్క. 18 అంగుళాల గోడ రెండువైపులా తెరిచి ఉంటే తొమ్మిది నెలలు. హాలోజన్ లైట్లు, బొగ్గుల కుంపట్లు పెట్టి తొందరపెడితే పైపొర ఎండి, ఉప్పంతా అక్కడే గడ్డకట్టి ముఖం రాలిపోతుంది. ప్రెషర్ పంపుతో కడగడం ఇంకా అన్యాయం. పైనున్న ఉప్పును లోపలికి తోయడమే అది.

ఉప్పు ఎంతుందో చూడటానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. డ్రిల్లుతో మూడు లోతుల నుంచి పొడి తీయండి: 0–1, 1–3, 3–5 సెం.మీ. ఒక్కోటి పది గ్రాములు వంద మి.లీ. డిస్టిల్డ్ వాటర్లో కలిపి వడగట్టి, ఒక చుక్క నైట్రిక్ ఆమ్లం, తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్కలు వెయ్యాలి. హైస్కూలు కెమిస్ట్రీ గదిలో ఇవి దొరుకుతాయి. తెల్లగా విరిగితే క్లోరైడ్ ఉన్నట్టు. ఎంత చిక్కగా విరిగితే అంత ఉప్పు. ఉప్పెన నీళ్లు ఎక్కని ఎత్తులో తీసిన పొడితో పోల్చి చూసుకోండి.

తీసే పద్ధతి ఓపికతో కూడినది. ఒక పాలు సున్నం, నాలుగు పాళ్లు ముతక ఇసుకతో బలహీనమైన పూత, 15–20 మి.మీ. మందాన వెయ్యండి. సుర్కీ కలపొద్దు, గట్టిపడకూడదు. ఈ పూత గోడలోని ఉప్పును తనలోకి లాక్కుంటుంది. జనవరి నుంచి జూన్ దాకా, ఎండకాలం మొత్తం ఉంచి, ఉబ్బి రాలడం మొదలయ్యాక తీసెయ్యాలి. తీసిన పెచ్చుల్ని చర్చి ఆవరణలో పల్లం పూడ్చడానికి వాడారో, అదే ఉప్పు పునాది గుండా తిరిగి గోడెక్కుతుంది. దూరంగా పారబోయాలి. మళ్లీ పరీక్ష చేసి, ఇంకా చిక్కగా విరుగుతుంటే రెండోసారి వెయ్యాలి. ఉప్పెన ఎక్కిన గోడకు ఒకసారితో సరిపోవడం అరుదు.

ఉప్పు నీళ్లు తాగిన పాత ఇటుకల్ని దంచి సుర్కీ చెయ్యాలనే పొదుపు ఆలోచన కూడా వస్తుంది. వద్దు.

సున్నం

గోడ ఆరే తొమ్మిది నెలలూ సున్నం నానే కాలం. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

కొత్త సున్నం పాతదానికి పోలి ఉండాలి కాబట్టి ముందు పాత మోర్టారు ఏమిటో తెలుసుకోవాలి. గోడ లోపలి నుంచి, వానకు తగలని ముక్క తీసి, ఎండబెట్టి, చేత్తో నలిపి వంద గ్రాములు తూచండి. ఒకటికి పది నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దికొద్దిగా వెయ్యాలి. నురగ ఆగాక వడగట్టి, కడిగి, ఎండబెట్టి తూస్తే మిగిలింది ఇసుక, సుర్కీ. 80 గ్రాములు మిగిలిందనుకోండి. కరిగిన 20 గ్రాములు గట్టిపడిన సున్నం. దాన్ని 0.74తో హెచ్చిస్తే 14.8 గ్రాముల పొడి సున్నం. కొలతలోకి మారిస్తే ఇంచుమించు ఒకటికి రెండు పాళ్లు ఇసుక. ఒక మెలిక ఉంది: ఇసుకలో గుల్లలు, ఆలిచిప్పల ముక్కలు ఉంటే అవి కూడా ఆమ్లంలో కరిగి, సున్నం ఎక్కువున్నట్టు చూపిస్తాయి. నలిపేటప్పుడే భూతద్దంతో చూడండి. మిగిలిన ఇసుకను జల్లెళ్లలో వేస్తే ఏ రేణువు ఎంతుందో తెలుస్తుంది. రంగు, రేణువు చూసి అలాంటి నది ఇసుకనే తేవాలి. సముద్రపు ఒడ్డు ఇసుక ఎంత తెల్లగా ఉన్నా వద్దు.

సున్నపు గడ్డలు పిడుగురాళ్ల బట్టీల నుంచి తెచ్చుకోవచ్చు. తాజాదనం పరీక్ష సులువు: గడ్డను నీళ్లలో వేస్తే కొద్ది నిమిషాల్లో బుసకొట్టి, పగిలి, పొంగాలి. వేడి పుట్టకపోతే అది గాలికి ముందే చచ్చిన సున్నం. పెయింటు షాపు పొడి సున్నం బస్తాలు వెల్లకు పనికొస్తాయేమో కానీ కట్టుబడికి నమ్మలేం.

గడ్డ బరువుకు రెండున్నర నుంచి మూడింతల నీళ్లు ముందు పోసి, అందులో గడ్డలు కొంచెం కొంచెంగా వెయ్యాలి. సున్నం మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి కళ్లలో పడుతుంది. నీళ్లు మరిగేంత వేడెక్కుతాయి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, పక్కనే బకెట్టు మంచినీళ్లు లేకుండా ఈ పని ఎవరికీ అప్పగించకండి. అల్యూమినియం గిన్నెలు దగ్గరికి రానివ్వొద్దు, సున్నం వాటిని తినేస్తుంది. చల్లారాక 2–3 మి.మీ. జల్లెడ పట్టి, ప్లాస్టిక్ డ్రమ్ముల్లో రెండంగుళాల నీళ్ల కింద ఉంచాలి. కట్టుబడికి మూడు వారాలు తక్కువలో తక్కువ, పూతకు మూడు నెలలు. ఉడకని రేణువు ఒకటి పూతలో పడితే నెలల తర్వాత ఉబ్బి, ఆ చోట గుంట పెడుతుంది.

మన 50 × 25 అడుగుల చర్చికి లెక్క: గోడలు 15 అడుగుల ఎత్తు, తలుపులు, కిటికీలు తీసేస్తే ఒక్కో ముఖం 170 చదరపు మీటర్లు, లోపల, బయట కలిపి 340. 20 మి.మీ. పూతకు వృథాతో కలిపి 8 ఘనపు మీటర్ల ఇసుక, 2.7 ఘనపు మీటర్ల సున్నపు ముద్ద. కిలో గడ్డకు రెండు లీటర్ల పైచిలుకు ముద్ద వస్తుంది కాబట్టి టన్నుంపావు గడ్డలు, 200 లీటర్ల డ్రమ్ములు పద్నాలుగు. కట్టుబడికి కావలసింది దీనికి అదనం.

పాళ్లు: ఇటుక కట్టుబడికి సున్నం, సుర్కీ, ఇసుక 1:1:2. పూతకు సున్నం, ఇసుక 1:3, కింది మూడడుగులకు అందులో కొంచెం సుర్కీ. సుర్కీ సరిగా కాలని మెత్తటి ఇటుకలది కావాలి. బాగా కాలి నల్లబడ్డ ఇటుక పొడి సున్నంతో కలవదు, ఉత్త ఇసుకలా ఉండిపోతుంది. మెత్తగా, పౌడరులా దంచితేనే పని చేస్తుంది. కలిపేది గానుగలో. ఎద్దుల గానుగ దొరక్కపోతే రోలరు మిల్లు. కాంక్రీటు మిక్సరు సున్నాన్ని తిప్పుతుందే తప్ప నూరదు. నూరిన కొద్దీ నీళ్లు పోయకుండానే ముద్ద మెత్తబడుతుంది. ఇక్కడ నీళ్లు పోసే కూలీని ఆపడమే మేస్త్రి పని, ఎక్కువ నీళ్లంటే ఎక్కువ బీటలు.

కరక్కాయ, బెల్లం గురించి ఊరికో లెక్క చెబుతారు. దంచిన కరక్కాయను నానబెట్టిన నీళ్లలో బెల్లం కరిగించి, మొత్తం కలిపి సున్నం బరువులో నూటికి 2 నుంచి 5 పాళ్లు దాటకుండా వాడితే చాలు. ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు, బూజు పడతాయి. కోడిగుడ్ల కథలకు చెవులు ఇవ్వనక్కర్లేదు. ఏ మిశ్రమమైనా గోడ వెనకవైపు మీటరు చదరంలో వేసి నెలరోజులు చూడాలి.

పూత ఒక్కో చుట్టు 8–10 మి.మీ. మించకూడదు. మధ్యలో వారం, పది రోజులు. గోడను ముందురోజు, పని మొదలుపెట్టేముందు తడపాలి, కానీ నీళ్లు కారుతూ ఉండగా వెయ్యకూడదు. వేశాక రెండు వారాలు తడి గోనెపట్టా కప్పాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, దానికి కొంచెం తేమ కూడా కావాలి. నీళ్లలో మునిగినా, ఎండలో మాడినా గట్టిపడదు. అందుకే ఈ పని డిసెంబరు నుంచి మార్చి దాకానే పెట్టుకోవాలి.

గోడలు

పాత ఇటుక కొలత ఇప్పటి ఇటుకకు కలవదు. పది ఇటుకల్ని వరసగా పేర్చి కొలిచి, సగటు తీసి, బట్టీవాడికి అచ్చు చేయించండి. మట్టి ఎండి, కాలి కుంచించుకుంటుంది కాబట్టి అచ్చు కావలసిన కొలతకంటే సుమారు పదో వంతు పెద్దది ఉండాలి. ముందు వంద కాల్పించి చూసి, తర్వాతే మిగతావి. 24 గంటలు నానబెడితే బరువులో అయిదో వంతు కంటే ఎక్కువ నీళ్లు తాగే ఇటుకల్ని వెనక్కి పంపండి.

సన్నబీటల్లో గ్రౌటు: సున్నపు ముద్ద, జల్లెడ పట్టిన సుర్కీ కలిపిన జావను గరాటుతో, కింది రంధ్రం నుంచి మొదలుపెట్టి పైకి పొయ్యాలి. రంధ్రాలు అడుగు, అడుగున్నర దూరంలో. రోజుకు మీటరు ఎత్తు మించితే కింద నిండిన జావ బరువుకు గోడ పొట్ట తెరుచుకుంటుంది. పెద్దబీటల దగ్గర పగిలిన ఇటుకల్ని ఒక్కొక్కటిగా తీసి, రెండువైపులా పళ్లు కలిసేలా కొత్తవి కుట్టాలి. ఇనప కడ్డీలు దూర్చకండి. ఉప్పు గాలికి ఇనుము తుప్పుపట్టి, పలు రెట్లు ఉబ్బి, కొత్త బీట పెడుతుంది. ఏ లోహం పెట్టినా స్టెయిన్‌లెస్ స్టీలే, తీరానికి దగ్గరైతే 316 రకం.

కప్పు

మంగుళూరులో బాసెల్ మిషను 1865లో మొదలుపెట్టిన కార్ఖానా పెంకులే మన బంగళా పెంకులకు మూలం. ఆ పెంకు తప్పేమీ లేదు. దాన్ని దేనికీ కట్టకుండా వదిలెయ్యడమే తప్పు.

కట్టడాల మీద గాలి బరువుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం లెక్కన మన తీరానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి వచ్చే ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు. కప్పు బరువు 65. చూరు, వెన్ను (కప్పు రెండు వాలులూ పైన కలిసే చోటు), ముక్కోణపు అంచుల దగ్గర గాలి పైకి లాగుతుంది. అదే సమయంలో తలుపో కిటికీయో ఊడితే లోపలి గాలి కింది నుంచి తోస్తుంది. తేడా 85 కిలోలు అనుకుంటే, మూడు మీటర్లకు ఒక ట్రస్సు ఉన్న చోట దాని ఒక్కో కొన మీద టన్నుంపావు పైకి లాగుడు. పాత ట్రస్సు గోడ మీద ఉత్తినే కూర్చుని ఉంటుంది.

దాన్ని పట్టి ఉంచేది గోడ బరువే. మీటరున్నర వెడల్పు, అడుగున్నర మందం గోడ, మీటరు లోతుకు 1200 కిలోలు తూగుతుంది. అందుకే 40 × 4 మి.మీ. స్టెయిన్‌లెస్ పట్టీని ట్రస్సు కొనకు బోల్టుతో బిగించి, గోడ లోపలి ముఖంలో గాడి చేసి కనీసం మీటరున్నర కిందికి దింపి, అడుగున అడ్డపలకతో లంగరు వెయ్యాలి. గోడ నెత్తిన రెండు వరసలకే పట్టీ బిగిస్తే గాలి ఆ రెండు వరసల్నీ కూడా తీసుకుపోతుంది. ముక్కోణపు గోడ ఏడడుగుల ఎత్తు ఒంటరిగా లేస్తుంది కాబట్టి, దాన్ని మళ్లీ కట్టేటప్పుడు పక్కనున్న ట్రస్సుకు మూడు, నాలుగు చోట్ల పట్టీలతో కట్టాలి. ట్రస్సుల మధ్య ఏటవాలు కట్లు కూడా వేస్తే గాలికి పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి పడవు.

టేకు దూలం కుళ్లేది గోడలో దూరిన కొన దగ్గర. దబ్బనం గుచ్చి చూడండి. అంగుళం సులువుగా దిగితే ఆ భాగం పోయినట్టే. కుళ్లు కనిపించిన చోటి నుంచి ఇంకో అడుగు లోపలికి కోసి, ఏటవాలు అతుకు వెయ్యాలి, అతుకు పొడవు దూలం లోతుకు కనీసం మూడింతలు. కొత్త ముక్క కూడా ఆరిన టేకే కావాలి. కూల్చిన ఇళ్ల టేకు మేలు, మేకులు వెతికి తీశాక. దూలం కొనను రాతి దిమ్మె మీద కూర్చోబెట్టి, చుట్టూ అంగుళం గాలి సందు వదలండి. "గట్టిగా ఉంటుంది" అని సిమెంటుతో పూడ్చేస్తే పదేళ్లలో మళ్లీ కుళ్లు. చెదలకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు రెండు, మూడు చుట్లు పట్టించాలి. కప్పు కింద తడవని కలపకు అది చాలు.

పెంకులు చదరపు మీటరుకు 16. చూరుతో కలిపి 147 చదరపు మీటర్ల కప్పుకు 2350, పగుళ్లకు కలుపుకుని 2600. రీపర్ల దూరం పుస్తకంలో చూసి వెయ్యకండి, చేతిలో ఉన్న పెంకును పేర్చి కొలవండి. కంపెనీ మారితే అర అంగుళం తేడా వస్తుంది, వాన లోపలికి వస్తుంది. ప్రతి పెంకు అడుగున తీగ కట్టుకోవడానికి చెవి ఉంటుంది. చూరు దగ్గర రెండు వరసలు, వెన్ను కింద రెండు వరసలు, రెండు చివర్లా రెండేసి నిలువు వరసల్లో ప్రతి పెంకునూ 16 గేజీ రాగి లేదా స్టెయిన్‌లెస్ తీగతో రీపరుకు కట్టాలి. మధ్యలో మూడింటికి ఒకటి. వెన్ను పెంకులు 1:1:2 సున్నంలో కూర్చోబెట్టండి.

తలుపులు, కిటికీలకు లోపలి నుంచి అడ్డగడియ తప్పనిసరి. కప్పు నిలవడంలో వాటికీ వాటా ఉంది.

గంట సంగతి ఇంజినీరును అడగకుండా తేల్చొద్దు. ఊగే గంట గోడను పక్కకు లాగుతుంది. కొత్తగా కట్టిన గూడు గట్టిపడేదాకా గంటను కదలకుండా వేలాడదీసి, నాలుకకు తాడు కట్టి కొట్టుకోవచ్చు. బీట పడ్డ కంచు గంటకు మామూలు వెల్డింగు చేయిస్తే శబ్దం పోతుంది, బీటా పెరుగుతుంది.

నేల మీద కడప బండలు లేస్తే సున్నపు కాంక్రీటు మీద మళ్లీ పరవండి. విట్రిఫైడ్ టైల్స్ వేస్తే నేలలోని చెమ్మకు గోడ తప్ప దారి ఉండదు. బయట నేల మట్టం లోపలి నేల కంటే కనీసం ఆరంగుళాలు కింద ఉండాలి. చాలా ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసి ఆవరణ ఎత్తు పెరిగిపోయింది, గోడ చుట్టూ తవ్వి కంకర పోసి, కాలువ తియ్యక తప్పదు.

ఆఖరున సున్నపు వెల్ల, పాలంత పలచగా, అయిదారు చుట్లు. మొదటి చుట్టు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, మేస్త్రి చిక్కగా వేస్తానంటాడు. చిక్కగా వేస్తే పొరలుగా ఊడుతుంది. క్రిస్మస్‌కు రంగులు వేద్దామని ఎవరైనా ఎమల్షన్ డబ్బాలు విరాళమిస్తే పాస్టరుగారి ఇంటికి వాడండి.

పని ముగిశాక మిగిలిన సున్నపు ముద్ద రెండు డ్రమ్ములు, వంద పెంకులు, ఇరవై వెన్ను పెంకులు, ఇటుక అచ్చు, వాడిన పాళ్లు రాసిన కాగితం వెస్ట్రీలో ఉంచండి. ముద్ద నీళ్ల కింద ఉన్నంతకాలం పాడవదు. ఏటా సెప్టెంబరులో, తుపానుల కాలానికి ముందు, ఒకరు నిచ్చెనెక్కి తీగలు, వెన్ను, కాలువలు చూసి, జారిన పెంకుల్ని అదే వారంలో సర్దాలి.